గేర్‌బాక్స్ విప్పే కొడుకు, ఈవీ కోర్సు అడిగే తండ్రి

ప్రశ్న: మావాడు బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. ఇంట్లో మూలపడి ఉన్న 2003 మారుతి 800 మీద పడ్డాడు. దాని నాలుగు గేర్ల బాక్స్ పీకేసి, ఆటోనగర్‌లో పాత ఆల్టో అయిదు గేర్ల బాక్స్ కొనుక్కొచ్చి బిగించాడు. ఇప్పుడు గేర్లు సరిగా పడడం లేదు, రివర్స్ వేస్తే గరగరమంటోంది. మళ్లీ విప్పాడు. సెలవులన్నీ షెడ్డులోనే గడిచాయి. పాతిక వేలు తగలేశాడు, రెండు సబ్జెక్టులు తప్పాడు. మెకానికల్‌కి రోజులు పోయాయి, మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) డిజైన్ కోర్సులో చేర్పించమని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వాళ్ల మేనమామ అంటున్నాడు. ఫీజు ఎనభై వేలు. మెకానికల్‌లోనే ఉంచాలా, ఈవీ వైపు తిప్పాలా? రెండూ పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి డ్రోన్లు విప్పుతాడు, ఇంకొకరి అమ్మాయి పాత బుల్లెట్ బాగుచేస్తుంది. పైకి అందరూ ఏ కోర్సు మంచిదనే అడుగుతారు. లోపలి భయం మాత్రం ఒక్కటే: ఇంత పోసి చదివిస్తే చివరికి పానా పట్టుకుని షెడ్డులో కూర్చుంటాడేమోనని. కూర్చోడు. ఆ టెన్షన్ ముందు పక్కన పెట్టండి.

మీరు అడగకపోయినా కారు సంగతే మొదట మాట్లాడతాను. మీవాడి గురించి నాకు పనికొచ్చే ఆధారం మీ ఉత్తరంలో అదొక్కటే ఉంది. గరగరమంది, మళ్లీ విప్పాడు అన్నారు. విప్పేముందు ఏం చూశాడు?

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ మెత్తగా పడుతూ, స్టార్ట్ చేశాకే గరగరమంటే బాక్స్‌ని తిట్టుకుని లాభం లేదు. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ఇంజిన్‌ను బాక్స్ నుంచి వదలడం లేదన్నమాట. రివర్స్ గేరుకు ముందు గేర్లకున్నట్టు సింక్రోమెష్ (గేర్లు కలిసేముందు వాటి వేగాలు సమం చేసే ఏర్పాటు) ఉండదు, అందుకే అన్నిటికంటే ముందు అదే అరుస్తుంది. పెడల్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి వేసినా అరుపు తగ్గకపోతే అనుమానం దాదాపు ఖాయం. అలాకాక ఇంజిన్ ఆపి ఉన్నా ఒకటి రెండు గేర్లు పడనని మొరాయిస్తుంటే, లివర్ నుంచి బాక్స్‌కు వెళ్లే రాడ్ల సెట్టింగ్ చూడాలి. వేరే బండి బాక్స్ తెచ్చి పెట్టినప్పుడు అక్కడ తేడా రావడం మామూలే.

క్లచ్ అని తేలితే ముందు చూడాల్సింది కేబుల్. ఈ బండిలో క్లచ్ కేబుల్ మీదే పనిచేస్తుంది. ఫ్రీ ప్లే, అంటే పెడల్‌లో ఖాళీ కదలిక, ఎక్కువైతే పెడల్ తొక్కిన దూరంలో సగం వృథా. ఒక నట్ తిప్పితే సరిపోయే పని, బాక్స్ దించక్కర్లేదు. అక్కడ తేలకపోతే క్లచ్ ప్లేటు తిరగేసి పెట్టాడేమో చూడాలి. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే చక్రం) వైపు ఏ ముఖం ఉండాలో చాలా ప్లేట్ల మీద రాసే ఉంటుంది, అయినా ఇంట్లో తొలిసారి బిగించేవాళ్లు తప్పేది అక్కడే. మూడోది కాస్త బాధపెట్టేది. బాక్స్‌ని ఒక్కడే జాకీ మీద ఎత్తి తోసేటప్పుడు, బోల్టులు పట్టేదాకా దాని బరువంతా షాఫ్ట్ ద్వారా క్లచ్ ప్లేటు మీద వేలాడిందా? అలా వేలాడితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది. వంగిన ప్లేటు ఎంత తొక్కినా పూర్తిగా వదలదు, కొత్తది వేయాల్సిందే. ఇంకో మాట: షాపువాడు చేతికిచ్చిన గేర్ ఆయిల్ ఏదో డబ్బా మీద చదవమనండి. జీఎల్-4 రకం పోయాల్సిన బాక్స్‌లో జీఎల్-5 రకం పోస్తే అందులోని గంధకపు మందులు ఇత్తడి సింక్రో రింగులను మెల్లగా తినే ప్రమాదం ఉంది.

ఇదంతా చెప్పింది మీ కారు బాగుచేయడానికి కాదు. కేబుల్ చూసి, ఇంజిన్ ఆపి పరీక్షించి, అప్పుడు దించాడా? లేక గరగర వినగానే స్పానర్ అందుకున్నాడా? ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి. మొదటిదైతే మీ ఇంట్లో ఒక ఇంజనీరు తయారవుతున్నాడు. రెండోదైతే చేతులకు పని వచ్చు, బుర్రకు ఇంకా ఓపిక రావాలి. అది నేర్పొచ్చు.

ఇక్కడ మీకు కొంచెం చేదుగా ఉంటుంది. ఉత్తరం నిండా ఖర్చుంది, సబ్జెక్టులున్నాయి, బావమరిది సలహా ఉంది. కారుకు ఏమైందిరా అని మీవాడిని ఒక్కసారి అడిగినట్టు మాత్రం లేదు. పాతిక వేలతో వాడు ఒక యంత్రాన్ని లోపలిదాకా చూశాడు, అది తగలేయడం. ఎనభై వేలతో మూడు నెలలు వీడియోలు చూస్తాడు, అది పెట్టుబడి. ఈ లెక్క ఎవరు చెప్పారండీ మీకు?

ఈవీల మీద నాకు కోపమేమీ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తాయి, ఊళ్లలో ఎలక్ట్రిక్ ఆటోలు తిరుగుతున్నాయి. రాబోయేది అదేనని ఒప్పుకుంటాను. నా అనుమానం ఈ స్వల్పకాలిక సర్టిఫికెట్ల మీద. ఈవీలో అసలు సరుకు బ్యాటరీ ప్యాక్, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ బీఎంఎస్, మోటార్ కంట్రోలర్. వీటికి కంపెనీలు ఎక్కువగా ఈఈఈ, ఈసీఈ వాళ్లను చూసుకుంటాయి. మెకానికల్ వాడి చోటు వేరు: ప్యాక్ వేడెక్కకుండా చల్లబరచడం, దాని పెట్టె దెబ్బ తట్టుకునేలా చేయడం, మోటార్ వెనక ఉండి వేగం తగ్గించే రిడక్షన్ గేరు, అది చేసే శబ్దం. ఆ పనికి కావాల్సింది హీట్ ట్రాన్స్‌ఫర్, మెషీన్ డిజైన్. అవి మీవాడి కాలేజీ సిలబస్‌లోనే ఉన్నాయి. తప్పిన రెండు సబ్జెక్టుల్లో వాటిలో ఏదైనా ఉంటే, ఈవీకి దారి ఆ సప్లిమెంటరీ పరీక్షలోంచే పోతుంది.

ఎనభై వేలు అడిగేవాళ్లను నాలుగు మాటలు అడిగి చూడండి. పిల్లల చేత నిజంగా ప్యాక్ విప్పిస్తారా? చాలా ఈవీ కార్ల బ్యాటరీ 300 వోల్టులు దాటి ఉంటుంది, గ్లౌజులూ పర్యవేక్షణా లేకుండా ముట్టుకునేది కాదు. మరి మీ ల్యాబ్ ఎక్కడుంది? పాఠం చెప్పేవాళ్లు ఏ ప్లాంటులో పనిచేశారు? క్రితం బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లతో ఫోన్లో మాట్లాడిస్తారా? జవాబుకు బదులు బ్రోచర్ పంపిస్తే మీకు జవాబు దొరికినట్టే. విషయం తెలుసుకోవడమే కావాలంటే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల ఈవీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటేనే ఫీజు.

ఈవీలో క్లచ్చే ఉండదు, వీడు నేర్చింది దండగే కదా అని మేనమామగారు అనొచ్చు. 2014లో మారుతి సెలెరియో కారుతో మన రోడ్ల మీదికొచ్చిన ఏఎంటీ ఏమిటి మరి? అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. కాలు తొక్కే క్లచ్‌నీ చెయ్యి కదిపే లివర్‌నీ యాక్చుయేటర్లనే చిన్న కదిలించే యంత్రాలు చూసుకుంటాయి, వాటికి కంప్యూటర్ ఆజ్ఞలిస్తుంది. క్లచ్ ప్లేటు మార్చాక అది ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి. షెడ్డులో పెడల్ తొక్కి, వదిలి, ఎక్కడ పడుతోందో పాదంతో వెతికిన కుర్రాడికి ఆ ప్రోగ్రాం ఏం చేస్తోందో ఇట్టే తెలుస్తుంది.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా: డిగ్రీ మెకానికల్‌లోనే పూర్తి చేయనివ్వండి, ఈవీని దాని మీద అదనంగా పెట్టుకోనివ్వండి. కాలేజీలో బాహా ఎస్ఏఈ (విద్యార్థులు సొంతంగా బండి తయారుచేసి పోటీపడే కార్యక్రమం) జట్టుంటే చేరమనండి, లేకపోతే నలుగురిని కూడగట్టమనండి. గేర్‌బాక్స్ దించినవాడికి అక్కడ పిలిచి చోటిస్తారు. పెనుకొండ కియా, జహీరాబాద్ మహీంద్రా ట్రాక్టర్లు, హైదరాబాద్‌లో గేర్‌బాక్సుల కంపెనీ జెడ్‌ఎఫ్, హ్యుందాయ్‌ల ఇంజనీరింగ్ కేంద్రాలు మనవాళ్లకు దగ్గరలో ఉన్నవే. సర్కారు ఉద్యోగమే కావాలనుకుంటే అసిస్టెంట్ మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులున్నాయి. వాటికి మెకానికల్ చదువుతోపాటు డ్రైవింగ్ లైసెన్స్ కూడా అడుగుతారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. మొదటి జీతం మేనమామగారి కంపెనీలో ఇచ్చేదానికంటే తక్కువగా ఉండొచ్చు. అది దాచను.

మీవాడికీ ఒక మాట. సప్లిమెంటరీ అయ్యేదాకా షెడ్డు ఆదివారాలకే. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి, ఇంట్లో ఇంకొకరు ఉండాలి. బండికి పదిహేనేళ్లు దాటాయి, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులను కట్టడి చేస్తుంది, కాబట్టి రోడ్డెక్కే ముందు ఈ మార్పు గురించి ఆర్టీవో ఆఫీసులో అడగాలి. రేపు ఇన్‌స్పెక్టర్ అవుదామనుకునేవాడికి ఆ సెక్షన్ ఎలాగూ చదవాల్సిన పాఠమే.

కోర్సుకు అడ్వాన్స్ ఏమైనా కట్టారా? ఉత్తరంలో రాయలేదు. కట్టి ఉంటే క్లాసులు మొదలుకాకముందే రిఫండ్ అడగండి. నోటిమాటగా కాదు, మెయిల్‌లో.