పీపీఎఫ్ తీసి హెరాల్డ్‌కు సస్పెన్షన్ మార్పించాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒడిశాలోని జయపురంలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతున్నాను. మా ఆవిడ ప్రభుత్వ స్కూల్లో టీచరు. పాప తొమ్మిదో తరగతి. మా మేనమామ గారు తన 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు నాకిచ్చారు. ఇంజిన్ బాగుంది. కానీ సాలూరు వైపు వెళ్తూ సుంకి ఘాట్ దిగేటప్పుడు మలుపుల్లో వెనక భాగం పైకి లేచినట్టయి పక్కకు జారుతోంది. విశాఖలో ఒక గ్యారేజీ స్పోర్ట్స్ సస్పెన్షన్ వేయడానికి 3.85 లక్షలకు కొటేషన్ ఇచ్చింది. పీపీఎఫ్‌లో 7.40 లక్షలు, ఎఫ్‌డీల్లో 6 లక్షలు, పాత బైక్ అమ్మగా వచ్చిన 1.10 లక్షలు ఉన్నాయి. ఇంటి ఖర్చులు, సిప్‌లు పోను నెలకు 35 వేలు మిగులుతాయి. పీపీఎఫ్ నుంచి తీయాలా, బంగారం మీద లోన్ తీసుకోవాలా? పాత కార్ల ధరలు పెరుగుతున్నాయి కాబట్టి ఇది పెట్టుబడే అని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: పెట్టుబడి విషయంలో మీ శ్రీమతి మాటే నిజం. పాత కారు కొనేవాళ్లు అసలు భాగాలు ఎన్ని మిగిలాయో చూసి ధర కడతారు. మీరు 3.85 లక్షలు పెట్టి మార్చిన స్ప్రింగులకు, షాకబ్జార్బర్లకు అమ్మేటప్పుడు ఎవరూ 3.85 లక్షలు అదనంగా ఇవ్వరు, కొందరైతే తగ్గించి అడుగుతారు కూడా. కాబట్టి దీన్ని సరదా ఖర్చు పద్దులో రాసుకోండి. సరదా ఖర్చు తప్పేమీ కాదు. షాపు, ఇల్లు, పాప చదువు చూసుకుంటూ నెలకు 35 వేలు మిగిల్చుకునే మనిషికి ఒక పాత కారు మోజు ఉంటే అభ్యంతరం పెట్టడానికి నేనెవర్ని? నా పేచీ డబ్బు ఎక్కడి నుంచి తీస్తున్నారు, దేని మీద ముందు పెడుతున్నారు అన్న రెండింటి మీదే.

అయితే మీ ఉత్తరంలో ఒక్క వాక్యం సరదా పద్దులోకి రాదు. మలుపులో వెనక భాగం లేచి జారుతోందన్నారు. అది ఈ కారు డిజైన్‌లోనే ఉన్న లక్షణం. హెరాల్డ్‌కు రూపం ఇచ్చింది ఇటలీకి చెందిన మికెలోటి. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో విడుదల చేసింది, మన దగ్గర మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి తయారు చేసింది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును ఇదే చాసిస్ (అడుగు చట్రం) డిజైన్‌ను కుదించి కట్టారు. అంటే మీ కారుకు స్పోర్ట్స్ కారుతో చుట్టరికం ఉన్నమాట నిజమే. ఆ చుట్టరికంలో వెనక ఇరుసు సమస్య కూడా పంచుకున్నారు.

ఇరుసు కుడి సగం, ఎడమ సగం వేర్వేరుగా, మధ్యలో ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె దగ్గర నుంచి పైకీ కిందికీ ఊగుతాయి. రెండిటినీ కలుపుతూ పైన అడ్డంగా ఒకే కమాను కట్ట ఉంటుంది. వేగంగా మలుపు తిరుగుతూ సగంలో యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బరువు ముందుకు వాలి వెనక భాగం లేస్తుంది. అప్పుడు బయటి చక్రం లోపలికి ముడుచుకుని టైరు అంచు మీద నిలబడుతుంది, పట్టు పోతుంది. ఘాట్ దిగుతున్నప్పుడు మనం చేసేదే కాలు తీయడం, బ్రేకు తొక్కడం. ఈ కారుకు మలుపు రాకముందే వేగం తగ్గించి, గేరు దించి, మలుపంతా యాక్సిలరేటర్‌ను కొంచెం తొక్కి ఉంచాలి. ఈ అలవాటుకు పైసా ఖర్చు లేదు. ఈ వారం నుంచే మొదలుపెట్టండి. పి.కోనవలస వైపు దిగే మలుపుల్లో ముందూ వెనకా లారీలుంటాయి. కారు సరయ్యేదాకా పాపను ఎక్కించుకుని ఆ ఘాట్ దిగొద్దు.

ఈ సమస్య కంపెనీకీ తెలుసు. 1970లో వచ్చిన నాలుగో తరం స్పిట్‌ఫైర్‌లో కమాను బిగింపు మార్చారు. కట్టలోని పట్టీల్లో అడుగుది ఒక్కటే డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగిసి ఉంటుంది, మిగతావి మధ్యలో తూగుతాయి. దీన్నే స్వింగ్ స్ప్రింగ్ అంటారు. దాంతో పాటు మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే ముందు వైపు కడ్డీని, అంటే యాంటీ రోల్ బార్‌ను లావు చేశారు. మన దేశంలోనైతే 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు ఆ ఇరుసే తీసేసి రెండు చక్రాలనూ కలిపే మామూలు ఏకఇరుసు వేశారు. నా దృష్టిలో మీ కొటేషన్‌లో నిజంగా కొనదగ్గ స్పోర్ట్స్ సామాను ఈ స్వింగ్ స్ప్రింగ్, లావు బార్ జత మాత్రమే. ఒకటి వేసి రెండోది మానేస్తే ముందూ వెనకా తూకం కుదరదు, కాబట్టి జతగానే లెక్క వేయండి.

ఇప్పుడు మీరు పంపిన కొటేషన్ చూద్దాం. దిగుమతి చేసే అడ్జస్టబుల్ షాకబ్జార్బర్లు నాలుగు 92 వేలు, కారును కిందికి దించే ముందు స్ప్రింగులు 34 వేలు, స్వింగ్ స్ప్రింగ్, బార్ కలిపి 88 వేలు, పాలీ బుష్‌ల (కీళ్ల దగ్గర రబ్బరు బదులు పెట్టే గట్టి మెత్తలు) సెట్ 26 వేలు, అల్లాయ్ చక్రాలు టైర్లతో 85 వేలు, కూలి 60 వేలు. అడుగున చిన్న అక్షరాల్లో ‘దిగుమతి ఖర్చులు అదనం’ అని ఉంది. ఆ మూడు ముక్కలే నన్ను భయపెట్టాయి. బయటి దేశం నుంచి వచ్చే సామానుకు వస్తువు ధర, షిప్పింగ్, బీమా అన్నీ కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం పడుతుంది, ఆ సుంకం కూడా కలుపుకుని మళ్లీ జీఎస్టీ పడుతుంది. కమాను కట్ట బరువైన ఇనుము, దాని షిప్పింగే తడిసి మోపెడవుతుంది. ఘాట్ మీదుగా కారును విశాఖకు లారీ మీద చేర్చే ఖర్చు కూడా కొటేషన్‌లో లేదు. 3.85 లక్షల దగ్గర ఈ పని ఆగదు.

ఇంకో లోపం అంతకంటే పెద్దది. అరవై ఏళ్ల కారు సస్పెన్షన్ కొటేషన్‌లో ట్రనియన్ అన్న మాటే లేదు. ముందు చక్రాలను స్టీరింగ్‌తో పాటు తిప్పే నిలువు కడ్డీ కింది కొనకు మరలు ఉంటాయి, అది ఇత్తడి జాతి లోహపు దిమ్మెలో తిరుగుతుంది. ఆ దిమ్మే ట్రనియన్. దాంట్లో గ్రీజు కాకుండా 90 నంబరు గేర్ ఆయిల్ పోయాలని ట్రయంఫ్ తెలిసినవాళ్లంతా చెబుతారు. చాలా షెడ్లలో అలవాటు కొద్దీ గ్రీజు కొట్టేస్తారు. లోపల ఎండిపోయి, నీరు చేరి, తుప్పు పట్టి, ఒక రోజు కడ్డీ విరుగుతుంది. ముందు చక్రం మడత పడిపోతుంది. వర్షాకాలంలో జయపురం వానలు మీకు నేను చెప్పాలా? ఖరీదైన షాకబ్జార్బర్ బిగించిన చక్రమే ఊడితే ఆ 92 వేలకు అర్థమేముంది?

అందుకని వరుస మార్చండి. మొదటి విడతకు బైక్ అమ్మిన 1.10 లక్షలు చాలా సరిపోయే డబ్బు, అది దాటొద్దు. కారును లిఫ్ట్ మీద ఎక్కించి చాసిస్ తుప్పు చూడమనండి. హెరాల్డ్‌కు బాడీ వేరు, చాసిస్ వేరు. సస్పెన్షన్ బిగించే చోట ఇనుము మెత్తబడి ఉంటే పైన ఏ స్ప్రింగు వేసినా వృథా. ట్రనియన్లు, నిలువు కడ్డీలు, వెనక ఇరుసు క్రాస్ జాయింట్లు, వీల్ బేరింగులు, బుష్‌లు, మామూలు రకం కొత్త షాకబ్జార్బర్లు, ఒకే సైజు ఒకే వయసున్న నాలుగు 13 అంగుళాల రేడియల్ టైర్లు, చివర్లో అలైన్‌మెంట్. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూస్తే తయారైన వారం, ఏడాది తెలుస్తాయి, గోడౌన్‌లో ఏళ్లుగా పడున్నవి అంటగట్టకుండా చూసుకోండి. బుష్‌లు రబ్బరువే చాలు. పాలీ బుష్‌లు మలుపులో గట్టిగా ఉంటాయి గానీ గతుకుల రోడ్డు మీద నడుం విరుస్తాయి. కారును కిందికి దించే ముందు స్ప్రింగులు వద్దే వద్దు, ఊరూరా స్పీడ్‌బ్రేకర్లున్న రోడ్ల మీద చాసిస్ గీసుకుపోతుంది. అల్లాయ్ చక్రాలు అందానికే, అవి మీ జాబితాలో ఆఖరున ఉండాలి.

ఈ పని అయ్యాక ఒక వర్షాకాలం కారు నడపండి. సగం ఫిర్యాదు అక్కడే తీరిపోవచ్చని నా అంచనా. అప్పటికీ కావాలనిపిస్తే స్వింగ్ స్ప్రింగ్, బార్ తెప్పించండి. దానికి నెలకు 7 వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి వడ్డీ కాక 84 వేలు పోగవుతాయి.

పీపీఎఫ్ ముట్టుకోవద్దు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకునే వీలుంది, పన్ను కూడా పడదు, అందుకే చెయ్యి అటు పోతుంది. కానీ 2 లక్షలు తీశారనుకోండి, వాటిని తర్వాత ఒకేసారి వెనక్కి వేయలేరు, ఏడాదికి లక్షన్నర పరిమితి మీ మామూలు జమతో కలిపే. ఇప్పటి 7.1 శాతం వడ్డీ ఇలాగే కొనసాగితే, ఖాతాను పొడిగించుకుంటూ పోతే, ఆ 2 లక్షలు 15 ఏళ్లకు దాదాపు 5.6 లక్షలు. షాపు నడిపే మీకు పింఛను లేదు, ఆ ఖాతాయే పింఛను అనుకోండి. బంగారం లోన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంట్లో ఆవిడకు ఇష్టం లేని పనికి ఆవిడ నగలు కుదవ పెట్టడం ఏ లెక్క ప్రకారమూ కుదరదు.

ఎఫ్‌డీల్లో 4 లక్షలు అత్యవసరానికి పక్కన పెట్టండి. షాపు ఒక సీజన్ డల్‌గా నడిచినా ఇల్లు గడవాలి కదా. మిగతా 2 లక్షలు పాప ఇంటర్‌కు. జయపురం, రాయగడ, గుణుపూర్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలామంది లాగే మీరూ పాపను విశాఖకో విజయవాడకో పంపే ఆలోచనలో ఉంటారు. ఫీజూ హాస్టలూ కలిసి రెండేళ్లకు ఎంతవుతుందో ఆ కాలేజీలో చదివించిన వాళ్లను ఇప్పుడే అడగండి, మార్చిలో అడిగితే టెన్షన్ పడాలి. నెలకు 20 వేలు దానికి కేటాయించండి.

మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) ప్రస్తావన లేదు. లేకపోతే కారు పని కంటే ముందు కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. సిగరెట్ అలవాటు, జబ్బులు లేని 41 ఏళ్ల మనిషికి ప్రీమియం ఏడాదికి సుమారు 20 నుంచి 30 వేల మధ్య ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఘాట్‌లో జారే కారు నడుపుతూ టర్మ్ పాలసీ లేకపోవడం అన్నిటికంటే పెద్ద రిస్క్.

కాగితాల సంగతి. యాభై ఏళ్లు దాటిన కార్లను వింటేజ్‌గా నమోదు చేసుకునే పద్ధతి 2021లో వచ్చింది. కొత్త నమోదుకు ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. వినడానికి బాగుంటుంది గానీ ఆ నంబరుతో కారును రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. పైగా చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని అసలు రూపం ఉండాలి. మీరు సాలూరు వైపు తిరుగుతుంటారు కాబట్టి మామూలు ఆర్‌సీనే రెన్యూవల్ చేయించుకోండి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో 10 వేలకు పెంచారు, దాన్నీ బడ్జెట్‌లో కలుపుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. స్వింగ్ స్ప్రింగ్ వేయించే ముందు ఆర్టీవో ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగండి. క్లెయిమ్ వచ్చినప్పుడు ‘మాకు చెప్పలేదు’ అన్న మాట రాకూడదు. పాత మోడళ్లకు బీమా విలువ కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. బిల్లులు, ఫొటోలు చూపించి ఆ అంకె పాలసీలో రాయించుకోండి.

ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే పన్ను ఉంటుందా అని మీరు అడగలేదు, కానీ ధరలు పెరుగుతున్నాయన్నారు కాబట్టి చెబుతున్నాను. సొంతానికి వాడుకునే కారు మీద లాభానికి మామూలుగా మూలధన లాభాల పన్ను లేదు. అయితే సొంతానికి వాడినట్టు రుజువుండాలి. 20 వేలకు కొని 21 లక్షలకు అమ్మిన 1931 నాటి ఫోర్డ్ కారు కేసులో, వాడుకకు ఆధారం లేదని బొంబాయి హైకోర్టు 2025లో పన్ను కట్టాలనే తేల్చింది. పెట్రోలు, సర్వీసు, బీమా రసీదులు ఒక ఫైల్లో ఉంచండి. గ్యారేజీలో విప్పిన పాత కమాను, స్ప్రింగులు, బార్ పాత ఇనుము కింద వదిలేసి రావద్దు. నూనె పూసి, గోనె సంచిలో చుట్టి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి అటక మీద పెట్టండి. రేపు కొనేవాడు ముందు అడిగేది వాటినే.