బండి - ప్రశ్నలూ జవాబులూ: వెనక సీటు మాటేమిటి?

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. నడిపేవాళ్లకి నచ్చిన బండి వెనక కూర్చునేవాళ్లకి నచ్చడం లేదు. వాటిలోంచి అయిదు ఉత్తరాలకి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఇంట్లో ఆవిడ చీర కట్టుకుని ఒక పక్కకే కూర్చుంటారు. ఇద్దరం రోజూ శ్రీకాకుళంలో ఉద్యోగాలకి వెళ్లిరావాలి, దారంతా హైవేయే. నాకు 350 సీసీ బండి మీద మనసుంది. ఆవిడ 125 చాలంటున్నారు. ఏది తీసుకోమంటారు? - ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: సీసీ సంగతి తరవాత చూద్దాం. ఇద్దరెక్కే బండి ఎక్కువగా ఒరిగిపోయేది ఆగి ఉన్నప్పుడే, అంటే వెనక మనిషి ఎక్కేటప్పుడో దిగేటప్పుడో. ఒక పక్కకి కూర్చునేవారు ఎడమవైపు మెట్టు మీద కాలు మోపగానే బరువంతా అటే పడుతుంది. దాన్ని ఆపేది మీ ఎడమ కాలు ఒక్కటే. ఆ అరికాలు మొత్తం నేలకి ఆనాలి. మునివేళ్ల మీద నిలబడ్డారంటే రోడ్డంచున కాస్త ఇసుక ఉన్నా, వాలు ఉన్నా కాలు జారుతుంది.

అందుకని ముందు మీ కాలు కొలుచుకోండి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా ఎత్తి పట్టి, దాని పైఅంచు నుంచి నేలదాకా టేపు పెట్టండి. మీ ఎత్తువారికి సాధారణంగా 72 నుంచి 75 సెంటీమీటర్లు వస్తుంది. ఇప్పుడు బండ్ల సీటు ఎత్తులు చూడండి: స్ప్లెండర్ ప్లస్ 785 మిల్లీమీటర్లు, షైన్ 125ది 791, యూనికార్న్ 798, బుల్లెట్ 350, క్లాసిక్ 350 రెండూ 805, మీటియర్ 350ది 765. మీ కాలి కొలత కంటే సీటు ఎత్తు ఎక్కువగా కనిపిస్తుందని కంగారు పడకండి. ఇద్దరూ కూర్చుంటే స్ప్రింగులు రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి, చెప్పుల మందం కొంత కలిసొస్తుంది. సీటు వెడల్పు మాత్రం మీకు ఎదురు పనిచేస్తుంది. ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని, కాలు నేలకి అందడం తగ్గిపోతుంది. కంపెనీ కాగితంలో ఈ వెడల్పు రాయరు. కూర్చుని చూడాల్సిందే.

తరవాత బరువు. స్ప్లెండర్ 112 కిలోలు, షైన్ సుమారు 113, యూనికార్న్ సుమారు 140, బుల్లెట్ 195. మోడల్ మారినప్పుడు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి. బుల్లెట్ నడుస్తున్నప్పుడు ఆ బరువు మీకు తెలియదు, పైగా హైవే మీద బస్సు పక్కనుంచి దూసుకుపోతే గాలికి కదలదు. ఆఫీసు దగ్గర ఇరుకులోంచి వెనక్కి లాగేటప్పుడు, ఆవిడ ఎక్కేటప్పుడు ఆ 195 కిలోలూ మీ కాలి మీదే ఉంటాయి.

ఆవిడ వైపు నుంచి చూస్తే కావలసింది పొడవైన, చదునైన, ఒకే ముక్క సీటు. వెనక భాగం మెట్టులా లేచి ముందుకి వాలిన సీటైతే, బ్రేకు వేసినప్పుడల్లా ఒక పక్కకి కూర్చున్న మనిషి మీ మీదికి జారుతుంది. ఈ లెక్కన 350ల్లో బుల్లెట్ సీటు మంచిది. మీటియర్ మీ ఎత్తుకి బాగా నప్పుతుంది కానీ దాని వెనక సీటు ఒక పక్కకి కూర్చోవడానికి చిన్నది. వెనక ఆనుకునే దిండు ఉన్న రకమైతే ఎక్కి దిగేటప్పుడు అది అడ్డం కూడా.

ఇక సీసీ. ఇద్దరు మనుషులు, రెండు సంచులు కలిపి 140 కిలోలనుకోండి. సుమారు 8 హార్స్‌పవర్ ఉండే 100 సీసీ బండి ఆ బరువుతో 16వ నంబరు రహదారి మీద లారీని దాటాలంటే రొప్పుతుంది, దాటడం మధ్యలో ఆగిపోతే అది ప్రమాదం. షైన్‌లాంటి 125లో పదిన్నర హార్స్‌పవర్ దాకా ఉంటుంది, అది కనీసం. 160 సీసీ యూనికార్న్‌లో సుమారు 13, సీటు కూడా ఒకే ముక్క. ఇద్దరి బరువుకీ బండి ఒప్పుకుంటుందో లేదో చూడటానికి పుస్తకంలో గరిష్ఠ మొత్తం బరువులోంచి బండి బరువు తీసెయ్యండి. మిగిలిందే మీరు మోపగలిగింది. అందులో హెల్మెట్లు, టిఫిన్ క్యారియర్లు, కూరల సంచి కూడా వస్తాయి.

మా మాట: యూనికార్న్ చూడండి, డబ్బు సరిపోకపోతే షైన్. బుల్లెట్టే కావాలంటే షోరూమ్‌లో మూడు పనులు చేసి చూడండి. బండిని ఇంజను ఆపి పది అడుగులు వెనక్కి నెట్టండి. స్టాండు తీసి నిలబెట్టి ఉంచి, ఆవిడని చీరతోనే ఎక్కించి దింపండి, రెండుసార్లు. ఇద్దరూ కూర్చుని ఇరుకు రోడ్డు మీద నెమ్మదిగా వెనక్కి తిప్పండి. మూడింట్లో దేనికి మీ కాలు తడబడినా వదిలెయ్యండి. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరినే పంపిస్తామంటే ఒప్పుకోకండి. స్పీడు బ్రేకర్లున్న దారిలో ఇద్దరూ కనీసం అయిదు కిలోమీటర్లు వెళ్లి వచ్చాక, జారిందా, కాలు ఎక్కడ పెట్టారు, చెయ్యి ఎక్కడ పట్టుకున్నారు అని ఆవిడనే అడగండి.

చీర గార్డు విషయంలో బేరం వద్దు. వెనక మనిషిని ఎక్కించుకునే బండికి పట్టుకునే కడ్డీ, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రం కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 123వ నిబంధనలో ఉంది. అందం కోసం అది తీయించేసేవాళ్లున్నారు. పొందూరు ఖద్దరు చీర కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో వాళ్లకి ఎవరూ చెప్పలేదేమో.

ప్రశ్న: అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే బండి వెనక ఎక్కడానికే పది నిమిషాలు పడుతోంది. స్కూటర్ కొంటే నయమా? - విజయనగరం కంటోన్మెంటు నుంచి

జవాబు: ఎక్కడం వరకు స్కూటరే సులువు, సీటు దిగువగా ఉంటుంది. కానీ చక్రాలు చిన్నవి. ఉదాహరణకి యాక్టివా 6జీలో ముందు 12 అంగుళాలు, వెనక 10 అంగుళాలు. గుంతలో పడినప్పుడు ఆ కుదుపు వెనక కూర్చున్న నడుముకే చేరుతుంది. ఊళ్లో దగ్గర దూరాలకైతే స్కూటర్ తీసుకోండి. గంట్యాడ, గజపతినగరం వైపు వెళ్లి రావాలంటే 17, 18 అంగుళాల చక్రాలున్న మోటార్‌సైకిలే మేలు.

మోకాలికి అసలు లెక్క సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య దూరం. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి మడత వెనక నుంచి పాదం కిందిదాకా కొలవండి. బండి వెనక సీటు పైభాగం నుంచి ఆవిడ కాలు పెట్టే మెట్టుదాకా కూడా కొలవండి. రెండో కొలత మొదటిదానికి దగ్గరగా ఉంటే మోకాలు నొప్పెట్టదు. బాగా తక్కువైతే మోకాళ్లు పైకి మడుచుకుని, పావుగంటకే నొప్పి మొదలవుతుంది. ఒక పక్కకి కూర్చునేవారికి చీర గార్డుకే వెడల్పు మెట్టు ఉన్నవి దొరుకుతాయి, రెండు పాదాలూ ఆనేది చూసి వేయించండి. మెట్టు మరీ కిందికి వేయించకండి, ఎడమ మలుపులో నేలకి రాసుకుంటుంది. ఎక్కించేటప్పుడు బండిని అరుగు పక్కన ఆపితే సగం కష్టం తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త 125 కొన్నాను. ఒక్కడినే వెళ్తే బ్రహ్మాండంగా ఉంది. వెనక మా ఆవిడ కూర్చుంటే గుంతల్లో ఠక్కుమని కొడుతోంది, హాండిల్ తేలిపోతున్నట్టుంది, ఎదురొచ్చేవాళ్లు లైటు దించమని అరుస్తున్నారు. షోరూమ్‌లో అంతా బాగానే ఉందంటున్నారు. - బొబ్బిలి

జవాబు: మీరు చెప్పిన మూడూ ఒకటే జబ్బు. వెనక భాగం ఎక్కువ దిగిపోతోంది. తోక దిగితే ముందు చక్రం మీద బరువు తగ్గి హాండిల్ తేలుతుంది, లైటు ఆకాశం చూస్తుంది.

షాకబ్జర్ కింద మెట్లు మెట్లుగా ఉన్న రింగు కనిపిస్తుంది, మామూలుగా అయిదు మెట్లు. టూల్ కిట్‌లో కొక్కెంలాంటి స్పానర్ దానికే ఇస్తారు. సెంటర్ స్టాండు వేసి, ఒక్కరే వెళ్లేటప్పుడు రెండో మెట్టు, ఇద్దరైతే నాలుగో మెట్టు పెట్టి చూడండి. రెండు పక్కలా ఒకటే మెట్టు ఉండాలి. ఒక పక్క మూడు, ఇంకో పక్క నాలుగు పెడితే బండి మలుపుల్లో ఒక వైపుకి లాగుతుంది. సరిపోయిందో లేదో ఇలా చూసుకోవచ్చు. సెంటర్ స్టాండు మీద వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసు నుంచి సరిగ్గా పైన సీటు అంచుదాకా కొలవండి. స్టాండు తీసి ఇద్దరూ కూర్చున్నాక ఇంకొకరి చేత మళ్లీ కొలిపించండి. తేడా షాకబ్జర్ మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర ఉంటే బాగున్నట్టు. దాదాపు అంతా దిగిపోతుంటే ఇంకో మెట్టు బిగించండి. అయిదో మెట్టులో కూడా ఠక్కుమంటే, లేదా కడ్డీ మీద నూనె తడి కనిపిస్తే రింగు తిప్పి లాభం లేదు. షాకబ్జర్ పోయినట్టే, వారంటీలో జత మార్పించుకోండి.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో అంటించిన కాగితంలో ఒకరికి, ఇద్దరికి వేరువేరు అంకెలుంటాయి. ముందు చక్రానికి తేడా ఉండకపోవచ్చు, వెనక చక్రానికి ఇద్దరైతే ఎక్కువ పెట్టాలి. ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. హైవే మీద పరిగెత్తి వచ్చిన వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె నమ్మి ఆపేస్తే తెల్లారేసరికి తక్కువ ఉంటుంది.

ఇవి అయ్యాకే లైటు ముట్టుకోండి. గోడకి పది అడుగుల దూరంలో బండి నిటారుగా పెట్టి, ఒక్కరే కూర్చున్నప్పుడు డిమ్ వెలుగు పైఅంచు పడినచోట సుద్దతో గీత గీయండి. ఇద్దరూ కూర్చున్నాక వెలుగు ఆ గీతకి పైన ఎంత లేస్తే అంత దించాలి. ఇద్దరూ వెళ్లే రోజులుంటాయి గనక ఇద్దరి బరువుకే సరిచేసుకోవడం న్యాయం.

చైను కూడా చూడండి. వెనక దిగేకొద్దీ చైను బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద బిర్రుగా ఉన్న చైను ఇద్దరెక్కితే ఇంకా లాగి, పళ్లచక్రాన్నీ గేర్‌బాక్స్ బేరింగునీ తినేస్తుంది. కింది వరస మధ్యలో వేలితో ఎత్తితే చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండికి కచ్చితమైన అంకె పుస్తకంలో ఉంటుంది.

ప్రశ్న: స్నేహితుడితో శృంగవరపుకోట మీదుగా అరకు తరచూ వెళ్తుంటాను. రెండు ముక్కల సీటున్న స్పోర్ట్స్ బండి తీసుకుందామని ఉంది. ఇద్దరికీ పనికొస్తుందా? - ఎస్.కోట

జవాబు: మీకు పనికొస్తుంది, మీ స్నేహితుడికి పనికిరాదు. ఆ వెనక సీటు ఫొటోల కోసం పెట్టిందే. అరచేతి వెడల్పు, అటక ఎత్తు, పట్టుకోవడానికి సరైన కడ్డీ ఉండదు. అనంతగిరి ఘాట్‌లో దిగేటప్పుడు ఆయన జారి మీ వీపు మీదికి వస్తాడు, ఆ బరువు మీ మణికట్టుల మీద పడుతుంది, హెల్మెట్లు ఢీకొంటూ ఉంటాయి. నిటారుగా కూర్చునే 150 - 160 సీసీ బండి, వెనక గట్టి కడ్డీ ఉన్నది చూసుకోండి.

దిగుడులో వెనక బ్రేకు తొక్కిపట్టి ఉంచకండి. డ్రమ్ము వేడెక్కి పట్టు పోతుంది. రెండో మూడో గేర్‌లో ఇంజనుకే పని పెట్టి, బ్రేకు వేస్తూ వదులుతూ రండి. స్నేహితుడు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని మలుపులో మీతోపాటే వంగాలి. ఎదురు వంగితే బండి మీరనుకున్న గీత మీద వెళ్లదు.

ప్రశ్న: నేను, భార్య, 5 ఏళ్ల పాప ముగ్గురం వెళ్లాలంటే ఏ బండి పెద్దది? పాత బండి కొనాలనుకుంటున్నాం. మాది సోంపేట దగ్గర, సముద్రం పక్కన. - ఒక పాఠకుడు

జవాబు: ముగ్గురికి ఏ మోటార్‌సైకిలూ లేదు. నడిపేవారు కాక ఇంకొక్కరే ఎక్కాలని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. దాటితే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. పాపకి నాలుగేళ్లు దాటాయి గనక హెల్మెట్ తప్పనిసరి, ఆమె తలకి సరిపోయే ఐఎస్ఐ ముద్రది కొనండి, పెద్దలది పెట్టి బెల్టు బిగిస్తే కుదరదు. నాలుగేళ్ల లోపు పిల్లలకైతే హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు.

పాత బండి చూసేటప్పుడు ఉద్దానం గాలిని గుర్తు పెట్టుకోండి, ఉప్పు ఇనుముని వదలదు. పెయింటు మెరుపు చూడకండి. వెనక కడ్డీ బోల్టులు, ఫుట్‌రెస్ట్ అతుకులు, చీర గార్డు వెల్డింగు గోరుతో గీకి చూడండి. పొరలుగా రాలితే ఆ కడ్డీ పట్టుకుని మీ భార్య కూర్చోకూడదు. ఎడమ ఫుట్‌రెస్ట్ వంగి ఉంటే బండి ఆ పక్కకి పడిన ఆనవాలు. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కలకి ఊపండి. లటుకు లటుకుమంటే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు గానీ చక్రం బేరింగు గానీ అరిగాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. చివరగా వెనక సీటు మధ్యలో పిడికిలితో గట్టిగా నొక్కండి. కింద పలక గట్టిగా తగిలితే ఫోమ్ చచ్చిపోయింది. సీటు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ మార్పించి, కొత్త రెగ్జిన్ వేయించుకోవచ్చు. మార్పించేటప్పుడు మరీ మెత్తనిది అడగకండి, నెలకే మళ్లీ అణిగిపోతుంది.