సూది వేయించుకోమంటారా డాక్టర్ గారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి, బరువు తగ్గే ఇంజెక్షన్. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, థైరాయిడ్ వాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84 కిలోలు. షుగర్ వచ్చి ఆరేళ్ళైంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నా, బీపీ బిళ్ళ కూడా ఉంది. మా తోడికోడలు కొవ్వు కరిగించే ఇంజెక్షన్ వేసుకుని ఆర్నెల్లలో 11 కిలోలు తగ్గింది. మా ఆయనేమో రాత్రి అన్నం మానేస్తే అదే తగ్గుద్ది, సూదెందుకు అంటారు. అసలు అదెలా పనిచేస్తుంది, నేను వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఒక మాట సరిచేస్తానమ్మా, అది కొవ్వు కరిగించే ఇంజెక్షన్ కాదు. పొట్ట మీద గుచ్చుకుంటాం కాబట్టి అక్కడి కొవ్వు కరుగుతుందని చాలామంది అనుకుంటున్నారు, ఒకావిడైతే తొడకి వేస్తే తొడలు తగ్గుతాయా అని నన్నడిగారు కూడా. ఎక్కడ గుచ్చినా ఒకటే, అది పనిచేసేది ఆకలి మీద.

మనం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది. ఇన్సులిన్ వదలమని పొట్ట వెనకుండే గ్రంథి పాంక్రియాస్‌కి చెప్తుంది, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, ఇక చాలు అని మెదడుకి కబురు పెడుతుంది. తంటా ఏంటంటే ఒంట్లో తయారయ్యే ఈ హార్మోన్ రెండు మూడు నిమిషాల్లోనే విరిగిపోతుంది. 1990ల్లో అమెరికాలో జాన్ ఎంగ్ అనే డాక్టరు గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో దీన్ని పోలినదే, తొందరగా విరగనిది ఒకటి కనిపెట్టారు, దాని ఆధారంగానే 2005లో ఎక్సెనటైడ్ అని ఈ కోవలో మొదటి మందు వచ్చింది, రోజుకి రెండు సూదులు. బల్లి మీద పడితే శాస్త్రం తిరగేసే మనకి బల్లి ఇలా కూడా అక్కరకొస్తుందని ఎవరనుకుంటారు! ఇప్పటి సెమాగ్లుటైడ్ మాత్రం మనిషి హార్మోన్‌నే కాస్త మార్చి చేసింది, వారానికి ఒక్క సూది చాలు. ఒజెంపిక్, వెగోవీ అనే రెండు బ్రాండ్లూ ఆ మందే. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ ఇంకో పేగు హార్మోన్ పని కూడా కలిపి చేస్తుంది. మన దేశంలోకి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి.

ఎంత తగ్గుతారంటే, షుగర్ లేనివాళ్ళ మీద చేసిన పెద్ద ట్రయల్‌లో సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 20 శాతం పైన. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంత తగ్గదు, సెమాగ్లుటైడ్‌కి 10 శాతానికి కాస్త తక్కువే వచ్చింది. అంటే మీ 84లో 8 కిలోలు అనుకోండి, ఏడాది పైన పడుతుంది. తోడికోడలితో పోల్చుకోకండి, ఆవిడకి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు.

మీ ఆయన మాటకొస్తే, రాత్రి అన్నం మానేయమని చెప్పడం తేలికే గానీ బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఆకలిని ఇంకా పెంచుతుంది, అందుకే నాలుగు నెలలు కష్టపడి తగ్గినవాళ్ళు ఐదో నెల నుంచి మళ్ళీ పెరుగుతారు. అది మీ మనసు బలహీనత కాదు. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 34, మనవాళ్ళకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క, పైగా షుగరూ బీపీ ఉన్నాయి కాబట్టి మీరు అడగడంలో తప్పేం లేదు.

అయితే వెళ్ళేముందు కొన్ని చూసుకోండి. గ్లిమిపిరైడ్‌తో పాటు ఈ సూది వేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు, ఆ బిళ్ళ డోసు తగ్గించాలేమో మీ డాక్టరుతో ముందే మాట్లాడండి. షుగర్ ఆరేళ్ళదంటున్నారు, కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే షుగర్ ఒక్కసారిగా దిగితే రెటీనా జబ్బు ముదిరే అవకాశం ఉంది. ఇదివరకు పాంక్రియాస్ వాపు వచ్చినా, పిత్తాశయంలో రాళ్ళున్నా చెప్పండి. థైరాయిడ్ గురించి అందరూ భయపడుతున్నారు, మామూలుగా బిళ్ళ వేసుకునే థైరాయిడ్‌తో ఇబ్బంది లేదు, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే మాత్రం అసలు వాడకూడదు.

ఇక వేసుకున్నాక ఏమవుతుందో మా క్లినిక్‌కి వచ్చే ఒకావిడ సంగతి చెప్తా. రెండో నెలలో వచ్చి, డాక్టర్ గారూ పప్పన్నం నాలుగు ముద్దలు తినేసరికి గొంతుదాకా నిండిపోతోంది, పెరుగు దాకా రాలేకపోతున్నా, గిన్నె అలాగే ఫ్రిజ్‌లోకి పోతోంది అన్నారు. నాకు అక్కడే గుండె గుభేలుమంది, ఎందుకంటే మన భోజనంలో అన్నం ముందు, పెరుగు చివర, ఆకలి సగమైతే పోయేది పెరుగే, దాంతో కండకి కావాల్సిన ప్రొటీనూ పోతుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, తగ్గిన బరువులో పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కండే ఉంటుంది. అందుకని ఆవిడని భోజనం తిరగేసి తినమన్నా. ముందు గుడ్డు, గట్టి పప్పు, పెరుగు, ఆ తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. వాళ్ళత్తగారు పెరుగుతో మొదలుపెట్టే భోజనం ఎక్కడైనా ఉందా అని దెప్పారంట, ఉండనీండి. కుర్చీలోంచి చేతులానించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం రోజూ రెండు మూడు విడతలు చేయమన్నా, అది కండ కోసం.

వికారం, వాంతులు, మలబద్ధకం మొదట్లో మామూలే, అందుకే సెమాగ్లుటైడ్ అయితే 0.25 మిల్లీగ్రాములతో మొదలెట్టి నెలకో మెట్టు ఎక్కిస్తాం. ఆపేస్తే? పైన చెప్పిన ట్రయల్‌లోనే మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. కాబట్టి ఇది మూడు నెలల కోర్సు కాదు, బీపీ బిళ్ళలాగా ఏళ్ళ తరబడి సంగతి. మొదటి నెల ఖర్చు కాదు, రెండేళ్ళ ఖర్చు లెక్కేసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: వయసు 26, సాఫ్ట్‌వేర్, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, 71 కిలోలు. రెండు నెలల్లో ఎంగేజ్‌మెంట్, పొట్ట తగ్గాలి. టెలిగ్రామ్‌లో ఒకతను చీటీ లేకుండా ఈ సూది మందు పెన్ను ఇస్తానంటున్నాడు, సగం రేటు. తీసుకోనా?
– హైదరాబాద్

జవాబు: వద్దు బాబూ. నీ బీఎంఐ 24 కూడా లేదు, ఈ మందు నీ కోసం కాదు. నకిలీ సెమాగ్లుటైడ్ తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే హెచ్చరించింది, ఆ పెన్నులో ఇన్సులిన్ ఉన్నా నీకు తెలీదు, ఎంగేజ్‌మెంట్ బదులు ఐసీయూ అవుతుంది. షేర్వాణీ కొంచెం వదులుగా కుట్టించుకో, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్లు ఆపు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఒజెంపిక్ వాడుతున్నాడు. సంక్రాంతికి వస్తూ నాకూ ఒక పెన్ను తెస్తానంటున్నాడు. నాకు 63, బరువు 90. వాడనా?
– గుంటూరు

జవాబు: అబ్బాయి ప్రేమకి దండం గానీ, ఆయన ఏ డోసులో ఉన్నాడో ఆ డోసు పెన్నే తెస్తాడు, మొదటి మెట్టు ఎక్కకుండా మీరు నాలుగో మెట్టు మీదికి దూకినట్టవుతుంది, వాంతులతో మంచం పట్టేస్తారు. పైగా తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో పెడితే పాడు, గుంటూరు ఎండలో కరెంట్ పోతే ఇంకోలా పాడు. ఇక్కడే దొరుకుతున్నాయి కదా, ఇక్కడి డాక్టరు చూసి రాస్తే ఇక్కడే కొనుక్కోండి. అబ్బాయిని ఉత్త చేతుల్తో రమ్మనండి.

ప్రశ్న: నేను గవర్నమెంట్ టీచర్‌ని, 41 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, 102 కిలోలు, బీపీ ఉంది, షుగర్ అంచున ఉన్నా. నెలనెలా అన్ని వేలు సూదికి పెట్టలేను. ఇంకేం దారులున్నాయి?
– శ్రీకాకుళం

జవాబు: రేట్లు దిగుతాయి మాస్టారూ. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దగ్గర 2026 మార్చి దాకానే, దానికోసం మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా చాలా కంపెనీలు ముందునుంచే కాచుకుని కూర్చున్నాయి. ఇదే మందు రైబెల్సస్ అని బిళ్ళగా కూడా ఉంది గానీ అది షుగర్‌కి అనుమతి ఉన్నది, పరగడుపున రెండు గుక్కల నీళ్ళతో మింగి అరగంట కాఫీ కూడా తాగకూడదు. ఆర్లిస్టాట్ అని పాత మందుంది, తిన్న నూనెలో కొంత ఒంటికి పట్టనివ్వదు, ఆ నూనె ఎక్కడికి పోతుందో వాడినవాళ్ళు చెప్తారు, క్లాసులో పాఠం చెప్పేవాళ్ళకి నేను రాయను.

మీ బీఎంఐ 36 పైన, బీపీ కూడా ఉంది, కాబట్టి బరువు తగ్గించే ఆపరేషన్ గురించి సర్జన్‌తో ఒకసారి మాట్లాడొచ్చు. మనవాళ్ళకి 32.5 దాటి బీపీ, షుగర్ లాంటివి ఉంటే చేయొచ్చని చాలాకాలంగా ఉన్న లెక్క. స్లీవ్ అంటే పొట్టలో చాలా భాగం కోసి సన్నటి గొట్టంలా చేస్తారు, బరువులో పావు వంతు దాకా తగ్గుతారు, సూదుల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఖర్చు ఒకేసారి, విటమిన్ బిళ్ళలు మాత్రం జీవితాంతం.

ఆ మధ్య బరువు తగ్గాలని ఊరంతా కొబ్బరినూనె తాగింది గుర్తుందా, అలాంటివాటి జోలికి నేను పోను. మీరు షుగర్ అంచున ఉన్నారు కాబట్టి మీకు పనికొచ్చే లెక్క ఒకటి చెప్తా. అమెరికాలో అంచున ఉన్నవాళ్ళ చేత బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని పెట్టుకుని చేయిస్తే షుగర్ వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు, మెట్‌ఫార్మిన్ ఇచ్చినవాళ్ళలో 31 శాతమే. మీకు 7 శాతం అంటే 7 కిలోలు, 102 నుంచి 95. అద్దంలో పెద్దగా కనపడదు, రక్తపరీక్షలో కనపడుతుంది. స్టాఫ్ రూమ్‌లో టీలు, బిస్కెట్లు ఎన్నవుతున్నాయో ఒక వారం డైరీలో రాయండి, అన్నం గరిటెతో కాకుండా కప్పుతో కొలిచి పెట్టుకోండి, రాత్రి భోజనం ఎనిమిదిలోపు. మూడు నెలల తర్వాత కూడా 98 దిగకపోతే మందో, ఆపరేషనో అప్పుడు తేల్చుకోవచ్చు.

ఇంకోటి, గురక గురించి మీరేం రాయలేదు. ఇంట్లో వాళ్ళని అడగండి, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుండి ఉలిక్కిపడి లేస్తుంటే, స్కూల్లో మధ్యాహ్నం కునుకు ఆగకపోతుంటే ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి, బీపీ లొంగకపోవడానికి ఒక్కోసారి అదే కారణం. రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి, నడుం కొలత కూడా రాయండి, బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి బిగబట్టకుండా.