కొబ్బరినూనె మాత్రం వద్దు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అటక మీద మీ నాన్న గేలం దారం చుట్టే రీలు దొరికిందట, నువ్వు కొత్తగా కార్బన్ రాడ్డు కొన్నావట, వచ్చే ఆదివారం భీమిలి వెళ్తావట. "నువ్వైనా చెప్పరా తమ్ముడూ, ఆ రాళ్ల మీద నిలబడి గేలం వేయడమేంటి" అని ఒకటే గోల. సరే అక్కా, చెప్తాను అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ నాన్న పోయాక ఆ రీలు మళ్లీ సముద్రం చూస్తుందనుకోలేదు.

వెళ్లొద్దని చెప్పను. చెప్పినా వినవు, ఆ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసు.

రీలు కంటే ముందు రాడ్డు సంగతి. ముప్పై ఏళ్లకు పైగా కరెంటు స్తంభాలు ఎక్కి దిగినవాణ్ని, నా భయం నాది. మాకు వెదురు కర్ర ఉండేది. నీది కార్బన్. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. పదడుగుల రాడ్డు బిగించి భుజాన పెట్టుకుని తీగల కింద నడవకు. 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైనుకు రాడ్డు తగలనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళితే కరెంటే దూకుతుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో తీగలన్నీ భూమిలోకి వెళ్లాయిగా మామయ్యా అంటావేమో, అన్నిచోట్లా వెళ్లలేదు. రెండు ముక్కలుగా విప్పి సంచిలో పట్టుకెళ్లు, నీళ్ల దగ్గరే బిగించు. ఉరుము వినబడితే చేప గేలానికి ఉన్నా సరే, రాడ్డు కింద పెట్టేసి వచ్చెయ్. దీని మీద నాతో వాదన పెట్టుకోకు.

ఇక రీలు. ఇంటికి రాగానే స్నానం నీకంటే ముందు దానికి చేయించాలి. చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే డ్రాగ్ మర గట్టిగా బిగించి, చెంబుతో మంచినీళ్లు మెల్లగా పోయి. పైపు పెట్టి జోరుగా కొట్టావంటే ఉప్పు బయటికి రాదు, లోపలికి పోతుంది. బకెట్లో ముంచకు. రీలు రాడ్డు నుంచి విప్పు, ఆ సందులో ఉప్పు పేరుకుంటే తర్వాత సుత్తి తేవాల్సి వస్తుంది. తుడిచి నీడలో ఆరబెట్టి, ఆరాక డ్రాగ్ మర వదులు చెయ్యి. బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అణిగిపోతాయి.

రాడ్డు రింగుల్లో దూది తిప్పి చూడు. పోగు ఎక్కడైనా పట్టిందంటే అక్కడ పగులుందన్నమాట, దారాన్ని కోసేస్తుంది. రెండు ముక్కలు కలిసే చోట కొవ్వొత్తి రుద్దు. పాత దారం మొత్తం లాగేయి, అన్నేళ్లు అటక మీద వేడికి మగ్గిన నైలాన్‌ను నమ్మకు. పారేసేముందు ముక్కలుగా కత్తిరించు, లేకపోతే కాకుల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఇక నూనె. అసలు ఈ ఉత్తరం దీనికోసమే.

ఆ రీలు మీ నాన్న ఓడ పనికి వెళ్లినప్పుడు సింగపూర్‌లో కొన్నది. 1997లో మళ్లీ ఓడెక్కుతూ నాకిచ్చి, "తుడిచి పెట్టరా, అంతే" అన్నాడు. అంతేతో ఊరుకునే వయసా నాది! ఓ మధ్యాహ్నం మొత్తం విప్పేశాను. సైకిల్ చైను కడిగినట్టు ప్రతి ముక్కా కిరసనాయిల్లో వేశాను. కంపెనీ వేసిన గ్రీజంతా నల్లగా దిగిపోయింది. ఎంత మురికో అని మురిసిపోయాను. తర్వాత మీ అమ్మమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి ధారగా పోశాను. వెన్నలా తిరిగింది. వేసవంతా రోజూ దాన్ని తిప్పుకుంటూ కూర్చునేవాణ్ని. వర్షాల్లో చీమలు పట్టాయి, దులిపేశాను. అప్పుడైనా బుద్ధి రావాలి కదా.

1998 సంక్రాంతికి మీ నాన్న వచ్చాడు. కనుమ నాడు కాకైనా కదలదని మీ అమ్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా, తెల్లారకముందే గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్నాం. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. హ్యాండిల్ ఎందుకో బరువుగా ఉంది, నేను పైకి అనలేదు. బతికున్న రొయ్య గుచ్చి మూడోసారి వేశాను. పండుగప్ప చేప కొట్టింది. రాడ్డు పైకి లాగానో లేదో, హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి నా వేళ్ల మీద ఠపఠపా వాయించింది. దారం రింగులు రింగులుగా వదులై, చిక్కుపడి, తెగింది. నీళ్లలో ఒక్కసారి వెండిలా మెరిసి పోయింది. ఎంత పెద్దదో ఇప్పటికీ మా ఊళ్లో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క చెప్తాను.

మీ నాన్న ఒక్క మాట అనలేదు. రీలు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తలకి రాసుకోవాల్సింది దీనికి రాశావేంట్రా?"

మధ్యాహ్నం మాంసం కూర తిన్నాక అరుగు మీద పేపరు పరిచి విప్పి చూపించాడు. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగు ఒకటుంటుంది, దాన్లో సన్నటి రోలర్లు, వాటిని నెట్టే చిట్టి స్ప్రింగులు. కొబ్బరినూనె చలికి తెల్లగా గడ్డకట్టి రోలర్లను ఎక్కడివక్కడే పట్టేసింది. ఆ స్ప్రింగుల బలం ఎంతని? మీ నాన్న వాటిని శుభ్రం చేసి, గుండుసూది మొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క తాకించాడు. "ఇక్కడ తడి కనిపించిందంటే ఎక్కువైనట్టే" అన్నాడు. పెద్ద పళ్ల చక్రానికి రీలు గ్రీజు పల్చగా పూశాడు. మిగతా బేరింగులకు, దారం జారే చిన్న రోలరుకు తలా ఒక చుక్క.

నువ్వూ అంతే చెయ్యి. రీళ్ల కోసమే అమ్మే నూనె దొరికితే ఇంకా మంచిది. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేను నూనె అనుకోకు, అది ఉన్న గ్రీజును కూడా కరిగిస్తుంది. విప్పేటప్పుడు ప్రతి స్క్రూకూ ఒక ఫొటో తీసుకో, ఏది ముందు ఊడిందో ఆ వరసలో పేపరు మీద పెట్టు. కంగారు పడి బిగించకు. ఏదైనా మిగిలిపోతే వీడియో కాల్ చెయ్యి, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను.

సముద్రానికి వీపు పెట్టి నిలబడకు. నాచు రాళ్లెక్కకు. ఒక్కదానివే వెళ్లకు, తోడు ఎవరూ లేకపోతే విజయనగరం నుంచి మొదటి బస్సుకు నేనే వస్తాను.

అన్నట్టు, దారం చుట్టుకునే స్పూల్ తీస్తే కింద లోహం మీద అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ జారింది. ఓడలో ఎక్కడో గీసుకుపోయిందని మీ నాన్న చివరిదాకా అనుకున్నాడు. మీ అమ్మకు చెప్పకు.

మీ మామయ్య