రంగు తేలిన వెండి రూపాయికి అదనంగా ఎంత ఇస్తారు?

ఒంగోలు నుంచి ఒకరు అడిగారు. అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో 14 వెండి రూపాయలు దొరికాయట. అన్నీ జార్జి బొమ్మవే. మూడింటి మీద అంచు నుంచి లోపలికి బంగారు రంగు, గులాబీ, నీలం తేలి ఉన్నాయి. వెండి కొట్టులో చూపిస్తే "నల్లబడుతున్నాయి, మెరుగు పెట్టిస్తే తెల్లగా వస్తాయి" అన్నారు. అమెరికాలో ఉన్న బంధువేమో "తోమొద్దు, రంగు నాణేలకు పదింతలు ఇస్తారు" అన్నాడు. ఎవరి మాట వినాలి, ఎంత ఎక్కువ అడగాలి అని ప్రశ్న.

ముందు ఒక్క మాట. దయచేసి తోమకండి, తోమించకండి. చింతపండు, విభూతి, పళ్లపొడి, కుంకుడు రసం ఏదీ వద్దు. గుడ్డతో రుద్దడం కూడా వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పొరపాటు నేనే చేశాను.

మాది కావలి. మెడికల్ షాపు మా తాత నాటి నుంచి ఉంది. ఇరవై ఏళ్లకు పైగా బ్రిటిష్ ఇండియా వెండి నాణేలు కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. మొదలైంది మాత్రం మా ఇంట్లో దొరికిన ఒక పొట్లంతోనే. మాత్రలు కట్టే ముదురు రంగు కాగితంలో ఎనిమిది రూపాయలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా చుట్టి, దారంతో కట్టి ఉన్నాయి. అన్నీ 1919వే, చేతులు మారనివి. విప్పి చూస్తే మధ్యలో ఉన్న ఆరూ నిన్న అచ్చు వేసినట్టు తెల్లగా ఉన్నాయి. రెండు చివర్ల ఉన్నవాటికి మాత్రం కాగితం తగిలిన వైపు రంగు తేలింది. ఒకదానికి రాజు తల వెనక లేత బంగారు రంగు, అక్కడి నుంచి గులాబీ, అంచు దగ్గర నెమలి మెడలాంటి నీలం. రెండో దానికీ ఇంచుమించు అంతే, కాకపోతే అది రూపాయి అని రాసి ఉన్న వైపు.

ఆ రెండో దాన్ని నేను పాడైందనుకున్నాను. పళ్లపొడి వేసి, తడి గుడ్డతో అయిదు నిమిషాలు రుద్దాను. తళతళలాడింది, మా అమ్మకు చూపించి మురిసిపోయాను. తర్వాత 2018లో చెన్నైలో నాణేల ప్రదర్శనకు కొన్ని పట్టుకెళ్లాను. తెల్లగా ఉన్నవి రెండు, ఒక్కోటి 1,600కు పోయాయి. రంగు తేలిన దాన్ని ఒకాయన పావుగంట సేపు దీపం కింద తిప్పి తిప్పి చూసి 2,700 ఇచ్చాడు. నేను తోమిన దానికి 600 కంటే ఎక్కువ ఎవరూ ఇవ్వమన్నారు, అది దాదాపు అరిగిపోయిన రూపాయి రేటు. ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి నన్నే చూడమన్నాడు. రాజు చెంప మీద సన్నటి గీతలు, వెంట్రుకల్లాంటివి, నేను గుడ్డ తిప్పిన దిక్కులోనే గుండ్రంగా ఉన్నాయి. ఒకే ఏడాది, ఒకే పొట్లం, మూడు ధరలు.

కాబట్టి నా అనుభవంలో లెక్క ఇది. మన దగ్గర మామూలుగా దొరికే సంవత్సరం రూపాయి, చేతులు మారనిది అయితే, అంచున లేత పసుపు పట్టినందుకు కొనేవారికి నచ్చితే పదో ఇరవయ్యో శాతం ఎక్కువ వస్తుంది. చాలామంది ఏమీ ఇవ్వరు. ఒక వైపు మంచి రంగులు, కింద మెరుపు చెక్కుచెదరకుండా ఉంటే సుమారు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి కాస్త పైనే. పైన చెప్పిన నా రూపాయి ఆ తరగతిదే. రెండు వైపులా ఇంద్రధనుస్సులా తేలితే రెండు రెట్లు. మూడు రెట్లు ఇచ్చిన బేరం ఇన్నేళ్లలో ఒక్కటే నా కళ్లతో చూశాను, అక్కడ ఇద్దరు పట్టుదలకు పోయారు. పదింతలు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అరిగిపోయిన రూపాయికి వచ్చిన బూడిద రంగు, నలుపు, గోధుమ మచ్చలకు అదనం సున్నా.

అరిగిన వాటికి ఎందుకు ఇవ్వరో తెలిస్తే మీ నాణేలను మీరే అంచనా వేసుకోగలరు. గాలిలో, కాగితంలో, అట్టపెట్టెలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ పొర మందం వెంట్రుకలో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. వాన నీళ్ల మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి చూడండి, ఇదీ అదే సంగతి. పొరకు పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చిన వెలుగు కలిసి రంగు పుట్టిస్తుంది. పొర పలచగా ఉన్నచోట పసుపు, కాస్త మందమైతే ఎరుపూ ఊదా, ఇంకాస్త అయితే నీలం. ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ వరుసలో వస్తాయి, చివరికి నలుపే. కింద ఉన్న వెండి అద్దంలా ఉంటేనే ఆ రంగు మెరుస్తుంది. అందుకే నిజంగా డబ్బు పెట్టేది రంగు కిందున్న, ఎవరూ ముట్టని లోహానికి. రంగు దానికి అలంకారం. మెరుగు పెట్టడం, ద్రావకంలో ముంచడం రెండూ ఆ పొరతో పాటు పై మెరుపునూ తీసుకెళ్తాయి.

దొంగ రంగులు ఉన్నాయి, జాగ్రత్త. గంధకం ద్రావకాలతో, వేడితో ఒక్క పూటలో రంగు తెప్పిస్తారు. ఒకసారి నాకు 1862 విక్టోరియా రూపాయి ఒకటి చూపించారు. రాణి జడ సగం అరిగిపోయింది కానీ నాణెమంతా వంకాయ రంగూ నీలమూ. అంత అరిగిన దానికి అంత పచ్చి రంగు రాదు. నేను మూడు చూస్తాను. పసుపు, గులాబీ, నీలం వరుస తప్పకుండా ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతున్నాయా, లేక పసుపు పక్కనే ఉన్నట్టుండి ముదురు నీలం వచ్చిందా? దీపం కింద తిప్పితే బండి చక్రం ఆకుల్లా మెరుపు రంగులోంచే తిరుగుతోందా? పాత గీతల లోపల కూడా రంగు చిక్కగా నిండి ఉందా? గీత పడ్డాక రంగు వేశారంటే, తోమిన దాన్ని కప్పిపుచ్చడానికి వేసి ఉండవచ్చు. నాణెం ఎంత బాగుందో పరీక్షించి గ్రేడు ఇచ్చే పేరున్న సంస్థలు కూడా రంగు మీద అనుమానం వస్తే నాణేనికి మామూలు గ్రేడు ఇవ్వవు. అనుమానం ఉన్న చోట నేను పైసా అదనం పెట్టను. మీరు అమ్మేటప్పుడు కూడా కొనేవాళ్లు అలాగే ఆలోచిస్తారు. అందుకే అవి ఎక్కడ, ఎందులో దొరికాయో చెప్పండి. ట్రంకుపెట్టె లోపల అవి ఉన్న సంచీ, కాగితం ఉంటే పారేయకండి. నేను ఆ మాత్రల కాగితం కూడా తీసుకెళ్లి చూపించాను, బేరం తేలడానికి అది బాగా పనికొచ్చింది.

ఇక అమెరికా మాట. మీ బంధువు అబద్ధం చెప్పలేదు. అక్కడి మోర్గాన్ డాలర్లు 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో అచ్చయ్యాయి. ఒక్కోటి 26.73 గ్రాములు, 90 శాతం వెండి. వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ప్రభుత్వ ఖజానాలో దశాబ్దాలు ఉంచారు. సంచీ గుడ్డకు తగిలినవాటికి రంగులు తేలాయి. 1960ల మొదట్లో అవి బయటికి వచ్చాయి. అక్కడ ఆ రంగుల కోసమే కొనేవాళ్లు ఒక పెద్ద వర్గంగా ఉన్నారు, మామూలు డాలరు కూడా రంగు అద్భుతంగా ఉంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. అక్కడి ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థ అయితే కంటికి అంత ఇంపుగా ఉన్న నాణేలకు గ్రేడు పక్కన నక్షత్రం గుర్తు వేస్తుంది. మన కొనుగోలుదారుల్లో ఇప్పటికీ ఎక్కువమందికి తెల్లటి మెరుపే ఇష్టం. ఈ మధ్య కుర్రవాళ్లు రంగువి అడుగుతున్నారు, అది మంచి మార్పే.

అలాగని మీ రూపాయలు ఆ బంధువు చేతికిచ్చి పంపించకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. జార్జి 5 వెండి రూపాయలు 1911 నుంచి 1922 వరకు అచ్చయ్యాయి, అంటే ఇప్పుడు అన్నీ వందేళ్లు దాటినవే. అక్కడి ధర చూసి ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు.

మరి మీరు ఎంత అడగాలి? ముందు రంగు సంగతి పక్కన పెట్టి మూలధర తేల్చుకోండి. ఈ రూపాయి బరువు 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి, అంటే దాదాపు 10.7 గ్రాముల అసలు వెండి. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే కింది హద్దు తెలుస్తుంది. వెండి రేటు బాగా పెరిగిన రోజుల్లో మామూలు రూపాయికీ మంచి రూపాయికీ మధ్య తేడా తగ్గిపోతుంది, రంగుకిచ్చే అదనం కూడా ఆ మేరకు చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత అదే సంవత్సరం, అంతే బాగున్న తెల్ల రూపాయి ఎంతకు పోతోందో ఇద్దరు ముగ్గురిని అడగండి. దాని మీద ఒకటిన్నర రెట్లతో బేరం మొదలుపెట్టండి. నాలుగో వంతు ఎక్కువ దగ్గర ఒప్పుకున్నా మీకు నష్టం లేదు.

సంవత్సరాలు తప్పకుండా చూడండి. 1911 ఉంటే ఆ ధర వేరు. రాజు వస్త్రం మీద ఉన్న ఏనుగు బొమ్మ పందిలా ఉందని జనం గోల పెడితే మరుసటి ఏడాది అచ్చు మార్చారు, దాన్ని పంది రూపాయి అనే అంటారు. జార్జి 6 బొమ్మ అయితే 1939 అరుదు, దానికి నకిలీలూ ఎక్కువ. ఇలాంటివాటికి రంగు వల్ల పెద్దగా ఒరిగేది లేదు, అరుదుతనానికే ఇస్తారు. 1940 నుంచి 1945 దాకా వచ్చినవి సగం వెండివి. నా చేతికి వచ్చినవాటిలో వాటి రంగు మట్టిగా, మందంగానే ఉంది.

అమ్మేదాకా దాచడం గురించి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలోని పీవీసీ వల్ల పచ్చటి జిగురు పడుతుంది. గట్టి పారదర్శక పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, వాటిలో పెట్టండి. రబ్బరు బ్యాండు అసలు వద్దు, అందులో గంధకం ఉంటుంది. రాజు ముఖానికి అడ్డంగా నల్లటి చార పడ్డ రూపాయి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఇల్లు సముద్రం వైపు, రొయ్యల చెరువుల దగ్గర ఉంటే ఇంకా జాగ్రత్త. చెరువు అడుగున నల్ల బురద కదిలినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుందే, అది గంధకం వాయువే. బోగోలు వైపు చెరువుల పక్కన ఉండే నా స్నేహితుడి బీరువాలో చక్కటి బంగారు రంగు రూపాయి రెండేళ్లలో బొగ్గులా తయారైంది. ఎంత చెప్పినా అతనికి ఆ బాధ పోలేదు. దాన్ని 3,000కు అడిగిన మనిషే తర్వాత వెండి ధర చెప్పి వెళ్లిపోయాడు.

ఫోటో తీసేటప్పుడు నిటారుగా ఒకటి, కొంచెం వంచి ఒకటి తీయండి. వంచితేనే రంగు పూర్తిగా కనిపిస్తుంది, నిటారుగా తీసిన దాంట్లో నిజమైన మెరుపు తెలుస్తుంది. ఫోన్లో రంగులు పెంచే ఫిల్టర్లు ఆపేయండి, చేతికి వచ్చాక తేడా కనిపిస్తే కొన్నవాళ్లు వెనక్కి ఇస్తారు. ఆ మూడింటికీ పైన అంచు దగ్గర దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన మచ్చ ఉందేమో కూడా చూడండి. మన వైపు పెట్టెల్లో దొరికే రూపాయల్లో అలాంటివి చాలా ఉంటాయి. ఆ మచ్చ ఉంటే ఎంత రంగున్నా అదనం అడగడం కష్టం. లేకపోతే సంవత్సరాలూ, రెండు వైపుల ఫోటోలూ ఇక్కడే పెట్టండి, ఒక్కోదానికి నేనైతే ఎంత ఇస్తానో విడివిడిగా చెబుతాను.