వేలి కణుపులు ఉబ్బితే అది కీళ్లవాతమేనా?

అక్కా, అమ్మగారికి గోళ్ల దగ్గరి కణుపులు ఉబ్బాయని, ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలో కొంచెం ఎక్కువ వచ్చిందని, అది చూసి చిత్తూరులో ల్యాబ్ వాళ్లే కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అనేశారని రాశారు. ఆ ఒక్క కాగితం చూసి బెంగపడొద్దు.

మాది తిరుపతి. మా అమ్మ ఏళ్ల తరబడి పూలు కట్టింది. యాభై దాటాక చూపుడువేలు, మధ్యవేలు చివరి కణుపులకు రెండు పక్కలా బుడిపెలు లేచాయి. తర్వాత బొటనవేలి మొదట్లో నొప్పి. సంగటి కెలకాలంటే తెడ్డు పట్టు దొరికేది కాదు. మాకూ ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివే వచ్చింది.

డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, ఒక్కో కణుపూ నొక్కి చూశారు. "పొద్దున లేస్తే వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయమ్మా?" అన్నారు. "కాఫీ కలిపేలోగా సర్దుకుంటాయి సార్" అంది అమ్మ. సగం జబ్బు అక్కడే తేలింది. అమ్మది కీళ్ల అరుగుదల (ఆస్టియో ఆర్థరైటిస్). అరుగుదలైతే ఆ బిగుతు మామూలుగా అరగంట దాటదు, కీళ్లవాతంలో గంటకు పైనే ఉంటుంది. అరుగుదల గోటి దగ్గరి కణుపుల్నీ, మధ్య కణుపుల్నీ, బొటనవేలి మొదలునీ పడుతుంది, ఉబ్బు ఎముకలా గట్టిగా తగులుతుంది. కీళ్లవాతం మణికట్టునూ, వేళ్లు అరచేతిలో కలిసే మెటికలనూ, మధ్య కణుపులనూ పట్టి మెత్తగా వాచేలా చేస్తుంది. గోటి దగ్గరి కణుపు జోలికి పెద్దగా పోదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కొందరికి కూడా పాజిటివ్ వస్తుంది. అందుకే కీళ్లవాతాన్ని ఇంకా కచ్చితంగా పట్టే యాంటీ సీసీపీ, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ చేయించారు, రెండూ నార్మల్. అరుగుదలను పట్టించే రక్తపరీక్ష అంటూ లేదు. ఎక్స్‌రేలో కీలు సందు తగ్గి, ఎముక అంచున మొలకల్లాంటివి కనబడ్డాయి. మొదట్లో అయితే ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు.

ఇంకొకటి చూడండి. గోళ్ల మీద సన్నటి గుంటలు, మోచేతుల మీద పొలుసులు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. సోరియాసిస్‌తో వచ్చే కీళ్లజబ్బు కూడా చివరి కణుపుల్ని పట్టొచ్చు.

ల్యాబ్ మాట మీద స్టెరాయిడ్లు మాత్రం మొదలుపెట్టొద్దు, దయచేసి. అలాగని మెటికలు మెత్తగా వాచి, పొద్దున బిగుతు గంట దాటుతుంటే ఒక్క వారం కూడా ఆగకుండా రుమటాలజిస్టుకు (కీళ్లవాతం చూసే డాక్టరుకు) చూపించండి. కీళ్లవాతానికి మందు తొందరగా పడితేనే కీలు పాడవకుండా నిలుస్తుంది. వెళ్లేముందు మీ అమ్మమ్మ వేళ్లు కూడా ఇలాగే ఉండేవా అని అమ్మగారిని అడిగి పెట్టుకోండి. ఈ బుడిపెలు వంశంలో రావడం మామూలే, డాక్టరు అడిగే ప్రశ్నల్లో అదీ ఒకటి.