డాలస్‌లో ఉన్న సాక్షి

అమ్మా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నువ్వు వాదిస్తున్న ఆ అపార్ట్‌మెంటు దావా గురించే ఆలోచిస్తున్నాను. గోడల బీటలు చూసి రిపోర్టు రాసిన స్ట్రక్చరల్ ఇంజనీరు గారు కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లిపోయారని, ఇక సాక్ష్యం పోయినట్టేనని టెన్షన్ పడుతున్నావు. పోలేదు. న్యూయార్క్‌లో ఉన్న ఒక డాక్టరు సాక్ష్యం వీడియోలో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో చెప్పింది. అది క్రిమినల్ కేసు, అయినా సివిల్ కోర్టులూ ఆ దారిలోనే నడుస్తున్నాయి. కాకపోతే ఇప్పుడే అడగాలి. వాయిదా రోజు లేచి మెమో ఇస్తే జడ్జిగారికి కోపం రావడం న్యాయమే. ఇంజనీరు గారు ఎందుకు రాలేరో, ఎక్కడ కూర్చుంటారో, ఆయనే అని ఎవరు గుర్తుపడతారో అఫిడవిట్‌లో రాసి ఐఏ (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేయి.

అసలు చిక్కు వేళ దగ్గర వస్తుంది. గుంటూరులో పొద్దున పదిన్నర అయితే డాలస్‌లో వేసవిలో అర్ధరాత్రి, చలికాలంలో రాత్రి పదకొండు. విదేశంలో సాక్షి పక్కన మన కాన్సులేట్ అధికారి ఉండాలని వీడియో కాన్ఫరెన్స్ నిబంధనలు అంటాయి. టెక్సాస్‌కి హ్యూస్టన్ కాన్సులేట్, డాలస్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. అర్ధరాత్రి ఆ ఆఫీసు ఎవరు తీస్తారు? అందుకే ముందు వాళ్లకి రాసి వేళ కనుక్కో. ఆ తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 4 కింద క్రాస్, అంటే అవతలి లాయరు ప్రశ్నలకి సాక్షి జవాబులు, రికార్డు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున ఆ పని చేసే లాయరుని) వేయమని కోర్టుని అడుగు. కమిషనర్ సాయంత్రం ఏడున్నరకి కూర్చోగలరు. అప్పటికి అక్కడ ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. నాకైతే ఇదే మంచి దారి.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇక్కడ నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. చేతిరాత నిపుణుడు వేరే రాష్ట్రం నుంచి స్క్రీన్ మీదకి వచ్చారు. అవతలి లాయరు "మూడో పేజీలో సంతకం చూడండి" అన్నారు. ఆయనకి పంపిన జిరాక్సు సెట్టులో పైన ఒక కవరింగ్ లెటరు ఉండిపోయింది, నేను సరిచూసుకోలేదు. ఆయన మూడో పేజీ మన రెండో పేజీ. "ఈ సంతకం నేను పోల్చలేదు" అన్నారు, అది డిపోజిషన్‌లోకి, అంటే రాసుకునే వాంగ్మూలంలోకి, ఎక్కింది. క్రాస్ తర్వాత మళ్లీ నేను ప్రశ్నలు అడిగే రీ-ఎగ్జామినేషన్‌లో సరిదిద్దాను గానీ, అవతలి వైపు వాదనల్లో ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. నువ్వు మాత్రం ప్రతి పేజీకీ నంబరు వేసి, ఎగ్జిబిట్ మార్కు (కోర్టు ఆ కాగితానికి ఇచ్చిన గుర్తు) రాసి, ఒకే రకం సెట్లు మూడు తయారుచేయి: కమిషనర్‌కి, అవతలి లాయరుకి, సాక్షికి. ప్లెయింటు (దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంటు (దానికి అవతలి వాళ్ల జవాబు) కూడా సాక్షికి పంపి, అందినట్టు ఆయన చేత రాయించుకుని ఫైలులో పెట్టు.

ఇంజనీరు గారికి సమాధానాలు నేర్పకు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 కింద ఆయన ఇచ్చేది అభిప్రాయమే, దానికి బలం కారణాల వల్ల వస్తుంది. కాంక్రీటు మీద కొట్టి చూసే రీబౌండ్ హ్యామర్‌తోనే చూశారా, కాంక్రీటు కోర్ (లోపలి నుంచి తొలిచి తీసే ముక్క) తీసి పరీక్షించారా అని క్రాస్‌లో తప్పకుండా అడుగుతారు. హ్యామర్ పై పొర గట్టిదనాన్నే చెబుతుంది. కోర్ తీయకపోతే తీయలేదని సూటిగా చెప్పమను. అది దాచబోతే మిగతా రిపోర్టు మీద కూడా నమ్మకం పోతుంది.

గదిలో ఆయన పక్కన కొడుకు కూర్చోకూడదని కూడా ఇప్పుడే చెప్పు. ఐఏ డ్రాఫ్టు, డాక్యుమెంట్ల లిస్టు వాట్సాప్‌లో పంపు, పేజీ పేజీ చూస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య